ఆడుకోనియ్యొచ్చా సార్?

జగిత్యాల కావచ్చు, కోరుట్ల కావచ్చు, సిరిసిల్ల కావచ్చు. ఊపిరితిత్తుల జబ్బున్న పిల్లవాణ్ని దవాఖానకు తీసుకొచ్చిన తల్లి మందుల చీటీ చేతిలో పట్టుకుని, తలుపుదాకా పోయి, ఆగి ఒక మాట అడుగుతుంది. "సార్, వీణ్ని ఆడుకోనియ్యొచ్చా?" ఏ మందు ఎన్ని పూటలు వేయాలో గడగడా చెప్పే డాక్టర్లం ఈ ప్రశ్న దగ్గర నీళ్లు నములుతాం. "కొంచెం చూసుకుని ఆడనియ్యమ్మా" అని పంపేస్తాం. ఆ కొంచెం ఎంతో తల్లికి తెలియదు. దుబాయ్ నుంచి తండ్రి ఫోన్ చేసి "వాణ్ని ఎండల తిప్పకు, దమ్మొస్తది" అంటాడు. పిల్లవాడు బడిలో ఆటల గంట కొట్టగానే పోయి చెట్టుకింద కూర్చుంటాడు, తోటివాళ్ల సంచులకు కాపలాగా.

ఆ కొంచెం ఎంతో కొలవొచ్చు. ఇవాళ్టి నా మాటలన్నీ ఆ కొలత గురించే. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బును పట్టుకుని చెబుతాను. పిల్లల దమ్మును ఎట్లా కొలవాలన్న విషయంలో వైద్యులు ఎక్కువగా తలలు పట్టుకున్నది ఈ జబ్బు దగ్గరే. అక్కడ తేలిన సంగతులు చాలావరకు ఉబ్బసం పిల్లలకూ, న్యుమోనియాలతో ఊపిరితిత్తులు దెబ్బతిన్న పిల్లలకూ పనికొస్తాయి.

ముందు జబ్బు గురించి రెండు ముక్కలు. మన ఒంట్లో కణాల అంచున ఉప్పు, నీరు అటూ ఇటూ పోవడానికి దారులుంటాయి. వాటిలో ఒక దారిని తయారుచేసే జన్యువు పేరు సీఎఫ్‌టీఆర్. 7వ క్రోమోజోము మీద ఉంటుంది. 1989లో టొరంటో, మిషిగన్ పరిశోధకులు కలిసి దాన్ని పట్టుకున్నారు. ఆ జన్యువు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండూ చెడిపోయినవే వస్తే ఉప్పు దారి మూసుకుపోతుంది. ఊపిరి గొట్టాల్లో తెమడ బెల్లం పాకంలా సాగి అంటుకుపోతుంది. అందులో క్రిములు కాపురం పెడతాయి. క్లోమగ్రంథి రసం పేగుల్లోకి దిగదు, తిన్న కొవ్వు అరగదు. చెమటలో మాత్రం ఉప్పు కట్టలు తెంచుకుని పోతుంది.

కాబట్టి గుర్తులు ఇట్లా ఉంటాయి. ఏడాదిలో నాలుగైదుసార్లు దగ్గు, జ్వరం. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. దొడ్డికి పోతే జిడ్డుగా, దుర్వాసనతో, ఎక్కువగా పోతాడు. చేతివేళ్ల కొసలు ఉబ్బి ఉంటాయి. ముద్దు పెట్టుకుంటే పెదాలకు ఉప్పగా తగులుతుందని తల్లే చెబుతుంది. ఎండలో ఆడివస్తే నుదుటిమీద తెల్లటి ఉప్పు చార కడుతుంది. ఈ తల్లి మాటను చిన్నచూపు చూడకండని నా తోటి డాక్టర్లకు మనవి. మన దేశంలో ఇట్లాంటి పిల్లల్లో చాలామందికి ముందుగా పడే పేరు టీబీ, లేకపోతే ఉబ్బసం. టీబీ మందులు ఒక దఫా అయిపోయి, రెండో దఫా మొదలైనా దగ్గు తగ్గకపోతే చెమట పరీక్ష గురించి ఆలోచించాలి. 1959లో గిబ్సన్, కుక్ అనే ఇద్దరు వైద్యులు పద్ధతి కుదిర్చిన పరీక్ష అది. చెమటలో క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్‌లు, ఆపైన ఉంటే జబ్బు ఉన్నట్టే. ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎస్.కె. కాబ్రా బృందం ఈ పరీక్షను తక్కువ ఖర్చుతో చేసే దేశీ పద్ధతిని తయారుచేసి 2002లో ప్రచురించింది కూడా.

ఇది అరుదైన జబ్బే. ఇంగ్లండ్, అమెరికాల్లో స్థిరపడ్డ భారతీయ కుటుంబాలను చూసి వేసిన అంచనా ప్రకారం 10 వేల నుంచి 40 వేల కాన్పుల్లో ఒకటి. అమెరికాలో 2010 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ పుట్టిన ప్రతి బిడ్డకూ దీనికోసం రక్తపు చుక్క పరీక్ష మొదలైంది. మన దగ్గర అట్లాంటిది లేదు కాబట్టి బిడ్డకు ఏళ్లు వచ్చాక గానీ బయటపడదు. మేనరికాల సంగతి కూడా ఒక్క మాట. మేనరికం వల్లే జబ్బు పుడుతుందని చెప్పడం తప్పు. అయితే రక్తసంబంధీకులు ఇద్దరిలోనూ ఒకే చెడ్డ జన్యువు దాగి ఉండే అవకాశం ఎక్కువ. ఇద్దరూ దాన్ని మోస్తుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. ఇంట్లో ఒక బిడ్డకు ఈ జబ్బు తేలితే తరువాతి కాన్పుకు ముందే జన్యు సలహా తీసుకోవాలి.

సరే, మన ప్రశ్నకు వద్దాం. ఈ బిడ్డ ఎంత ఆడగలడు?

ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పోతే ఒక గొట్టంలోకి బలంగా ఊదమంటారు. స్పైరోమెట్రీ అంటారు దాన్ని. మంచి పరీక్షే, కానీ కుర్చీలో కూర్చుని ఊదే పరీక్ష. బిడ్డ రోజంతా కుర్చీలో కూర్చోడు కదా. ఊదే పరీక్షలో ఇద్దరు పిల్లలకు ఒకే అంకె రావచ్చు. నడిపించి చూస్తే ఒకడు హాయిగా నడిచిపోతాడు, ఇంకొకడు సగం దూరానికే గోడ పట్టుకుంటాడు. తేడా ఊపిరితిత్తుల్లో లేదు, కాళ్లలో ఉంది. కొవ్వు అరగక, తిండి ఒంటబట్టక తొడ కండలు పలచబడి ఉంటాయి. ఏళ్ల తరబడి చెట్టుకింద కూర్చోబెట్టినందుకు ఉన్న కండ కూడా సడలిపోయి ఉంటుంది. దమ్ము అని మనం అనుకునేదానిలో ఊపిరితిత్తి, గుండె, నెత్తురు, కండ, కడుపు అన్నీ పాలుపంచుకుంటాయి. అందుకే బిడ్డను లేపి, కదిలించి చూడాలి.

అన్నిటికంటే తేలికైనది ఆరు నిమిషాల నడక పరీక్ష. 30 మీటర్ల చదునైన వరండా కావాలి, అంటే సుమారు వంద అడుగులు. రెండు చివర్లా రెండు గుర్తులు పెట్టాలి. ఒక గడియారం, ఒక కుర్చీ, వేలికి తగిలించే పల్స్ ఆక్సిమీటరు ఉండాలి. కరోనా రోజుల్లో ప్రతి ఇంటికీ పరిచయమైన యంత్రమే అది. "ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలవో అంత నడువు, పరుగెత్తొద్దు, అలసిపోతే ఆగి మళ్లీ నడువు" అని చెప్పి వదలాలి. పక్కన నడుస్తూ కబుర్లు చెప్పకూడదు. నిమిషానికోసారి అదే గొంతుతో, అవే మాటలతో "బాగా నడుస్తున్నావు, ఇంకా నాలుగు నిమిషాలున్నాయి" అనాలి. ఇది చాదస్తంలా కనిపిస్తుంది గానీ, ఒకరోజు ఉత్సాహంగా అరిచి ఇంకోరోజు మౌనంగా నిలబడితే దూరం మారిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు 600 మీటర్లకు అటూ ఇటూ నడుస్తారు. మొదటిసారి కొత్త, రెండోసారి అలవాటు, కాబట్టి రెండుసార్లు చేయించి ఎక్కువ దూరాన్ని రాసుకోవడం నియమం. నడుస్తుండగా ఆక్సిజన్ 80 కంటే కిందికి దిగినా, గుండెలో నొప్పన్నా, కళ్లు తిరిగినా ఆపేయాలి.

దీనికో లోపం ఉంది. జబ్బు కొద్దిగానే ఉన్న హుషారైన కుర్రవాడు ఆరు నిమిషాలూ చెమట పట్టకుండా నడిచేస్తాడు. వాడి దమ్ము అంచు ఎక్కడుందో మనకు తెలియదు. అట్లాంటివాడికి షటిల్ పరీక్ష పెట్టాలి. 10 మీటర్ల దారిలో అటూ ఇటూ రెండు గుర్తులు. టేపులో బీప్ అని శబ్దం వస్తుంది, ఆ శబ్దం వచ్చేలోపు అవతలి గుర్తు చేరాలి. నిమిషం నిమిషానికీ బీప్‌లు దగ్గరపడతాయి. మొదట నడక, తరువాత గబగబా నడక, ఆఖరికి పరుగు. అందుకోలేనప్పుడు పరీక్ష ఆగుతుంది. ఇంగ్లండులోని లెస్టర్‌లో సాలీ సింగ్ 1992లో పెద్దవాళ్ల కోసం కట్టిన పరీక్ష ఇది. పరుగు కూడా కలిపి 15 అంచెలకు పెంచిన రూపాన్ని సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్లకు వాడుతున్నారు. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది, చేద్దామంటే మారాం చెయ్యరు. సిరిసిల్లలో పెట్టేవాళ్లు మాత్రం నేత సాంచాల చప్పుడుకు దూరంగా చోటు చూసుకోండి. బీప్ వినపడకపోతే పరీక్షే లేదు.

జాగా అసలే లేకపోతే మెట్టు పరీక్ష ఉంది. 15 సెంటీమీటర్ల ఎత్తు పీట, నిమిషానికి 30 సార్లు చొప్పున మూడు నిమిషాలు ఎక్కి దిగడం. నాడి ఎంత పెరిగింది, ఆక్సిజన్ ఎంత తగ్గింది చూస్తారు. పీట అందరికీ ఒకటే ఎత్తు కాబట్టి పొట్టి పిల్లలకు కష్టం, పొడుగు పిల్లలకు సులువు. ఒకరితో ఇంకొకరిని పోల్చడానికి పనికిరాదు, అదే బిడ్డను ఆరు నెలల కిందటి తనతో పోల్చడానికి బాగా పనికొస్తుంది.

ఇప్పుడు మీరు ఉన్నచోటే చేసి చూడదగ్గది ఒకటి చెబుతాను. గుండెల నిండా ఊపిరి పీల్చుకోండి. బయటికి వినపడేలా ఒకటి నుంచి పదిహేను దాకా సుమారు 8 సెకన్లలో లెక్కపెట్టండి. మధ్యలో ఇంకో ఊపిరి తీసుకోకుండా చెప్పగలిగారా? అయితే మీ లెక్క ఒకటి. ఇదే పనిని మెట్లెక్కి వచ్చిన బిడ్డతో చేయిస్తే మొదటి ఊపిరితో కలిపి రెండో, మూడో, నాలుగో అవసరమవుతాయి. ఆయాసం ఎంతుందో చెప్పమంటే చిన్నపిల్లలు అమ్మ ముఖం చూస్తారు. డాక్టరు తిడతాడేమోనని "ఏం లేదు" అంటారు. పదిహేను లెక్క దగ్గర ఆ నటన చెల్లదు. మన పదకొండు, పన్నెండు ఇంగ్లిషు అంకెల కంటే నోటికి బరువు కాబట్టి, విదేశీ అంకెలతో పోల్చకుండా బిడ్డ పాత లెక్కతోనే పోల్చండి.

వీటన్నిటికీ పైన పెద్ద పరీక్ష ఉంది, కార్డియోపల్మనరీ ఎక్సర్‌సైజ్ టెస్ట్. నిలిచి ఉండే సైకిలు మీద కూర్చోబెట్టి, ముక్కుకూ నోటికీ మాస్క్ తగిలించి తొక్కిస్తారు. నిమిషానికోసారి తొక్కుడు బరువెక్కుతుంది. ఎంత పెంచాలో బిడ్డ ఎత్తును బట్టి ఉంటుంది. 120 సెంటీమీటర్లలోపు వాళ్లకు 10 వాట్లు, 150 దాకా 15, ఆపైన 20. దీన్ని గాడ్‌ఫ్రే పద్ధతి అంటారు. జర్మనీకి చెందిన హెల్గె హెబెస్ట్రైట్ నాయకత్వంలో యూరప్ నిపుణులు 2015లో ఇచ్చిన సూచనల్లో దీనికే మొదటి పీట వేశారు. బిడ్డ ఒళ్లు నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో ఇది నేరుగా కొలుస్తుంది. ఊపిరితిత్తి ముందు చేతులెత్తేసిందా, గుండెనా, కాళ్లా అన్నది కూడా విడదీసి చెబుతుంది.

ఆ అంకెకు అంత విలువ ఎందుకంటే, అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ప్యాట్రిషియా నిక్సన్ బృందం 7 నుంచి 35 ఏళ్ల మధ్య వయసున్న 109 మంది రోగులకు ఈ పరీక్ష చేసి, 8 ఏళ్లు గమనించి, 1992లో ఫలితం ప్రచురించింది. ఆక్సిజన్ వాడకం సాధారణంగా ఉండాల్సినదానిలో 82 శాతం, అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లలో 83 శాతం మంది 8 ఏళ్ల తరువాత బతికి ఉన్నారు. మధ్యస్థంగా ఉన్నవాళ్లలో 51 శాతం. 58 శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లలో 28 శాతమే. ఈ అంకెలు విని ఏ తల్లీ గుండె చెదరగొట్టుకోవద్దు. ఇప్పటి మందులు లేని కాలపు లెక్కలవి. పైగా దమ్మున్నవాళ్లు ఎక్కువకాలం బతికారని తేలింది గానీ, దమ్ము పెంచితే ఆయుష్షు పెరుగుతుందని ఆ అధ్యయనం రుజువు చెయ్యలేదు. రెంటికీ తేడా ఉంది.

మరి పెంచడం వల్ల లాభమేమిటి? టొరంటోలో పిల్లలచేత ఇంటి దగ్గరే వారానికి మూడుసార్లు, 20 నిమిషాల చొప్పున మూడేళ్లు వ్యాయామం చేయించారు. చెయ్యని పిల్లలకంటే వాళ్ల ఊపిరితిత్తుల పట్టు నెమ్మదిగా తగ్గింది. 2000లో వచ్చిన ఫలితం అది. 2022లో పలు దేశాలు కలిసి చేసిన పెద్ద అధ్యయనంలో మాత్రం వ్యాయామం పెంచినవాళ్ల ఊదే అంకె మెరుగుపడలేదు, వాళ్ల దమ్ము పెరిగింది. కాబట్టి నేను హామీ ఇచ్చేది ఇంతే. ఆడితే ఆడే శక్తి పెరుగుతుంది. ఊపిరితిత్తి సంగతి మందులు, తెమడ తీయించే ఫిజియోథెరపీ చూసుకోవాలి. ఆడుతున్నాడు కదా అని వీపు తట్టి తెమడ తీయించడం మానెయ్యకూడదు.

ఇక మన నేల సంగతి. యూరప్ పుస్తకాల్లో దీనికి పెద్దగా చోటు దొరకదు, మనకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మన దగ్గర ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది. ఈ పిల్లల చెమటలో మామూలు వాళ్లకంటే మూడు నుంచి అయిదు రెట్ల ఉప్పు పోతుంది. ఒడెద్ బార్-ఓర్ అనే శాస్త్రవేత్త 1992లో ఒక విచిత్రం చూపించాడు. సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పిల్లల్నీ, లేని పిల్లల్నీ వేడి గదిలో సైకిలు తొక్కించి, పక్కన నీళ్లు పెట్టి, దాహమైనప్పుడు తాగమన్నారు. జబ్బున్న పిల్లలు చాలా తక్కువ తాగారు, రెట్టింపు ఎండిపోయారు. చెమటతోపాటు ఉప్పు కూడా పోవడం వల్ల నెత్తురు చిక్కబడదు, మెదడుకు దాహం కబురు అందదు. అంటే "దూపైతే వాడే అడుగుతడు తియ్యి" అనే మాట ఈ బిడ్డకు పనికిరాదు. దూప కాకముందే తాగించాలి. ఉత్త నీళ్లు చాలవు, ఓఆర్ఎస్ గానీ ఉప్పు వేసిన మజ్జిగ గానీ ఇవ్వాలి. బీపీ ఉన్న తాతకు ఉప్పు తగ్గించమని చెప్పిన నోటితోనే మనవడికి ఉప్పు పెంచమని డాక్టరు చెబుతాడు, ఇంట్లోవాళ్లు తికమకపడొద్దు. చంటిబిడ్డ ఎండాకాలంలో వాంతులు, విరేచనాలు పెద్దగా లేకుండానే ఎండిపోయి సోలిపోతే, నెత్తురులో ఉప్పు పడిపోయి ఉంటే, ఈ జబ్బును అనుమానించాలి.

కాబట్టి ఇక్కడ దమ్ము పరీక్ష పెట్టాలంటే పొద్దున్నే పెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పెట్టకూడదు. జ్వరమున్నా, ఈ మధ్యే తెమడలో నెత్తురు పడినా వాయిదా వెయ్యాలి. టీబీ లేదని ముందే తేల్చుకోవాలి. ఈ జబ్బున్న ఇద్దరు పిల్లల్ని ఒకేసారి ఒకే గదిలోకి పిలవకూడదు. ఒకరి ఊపిరితిత్తిలోని మొండి క్రిమి ఇంకొకరికి అంటుకుంటుంది. ఒకే బాధ ఉన్న పిల్లలు కలిసి ఆడుకుంటే బాగుంటుందనిపిస్తుంది, ఈ జబ్బులో అది కుదరదు. వీళ్లు ఆరోగ్యవంతులైన తోటివాళ్లతోనే ఆడాలి.

కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఇళ్లలో అమ్మ బీడీలు చుడుతుంటే పక్కనే పిల్లలు పడుకుని ఉంటారు. తంబాకు దుమ్ము ఈ బిడ్డకు మంచిది కాదు. పని మానుకొమ్మని చెప్పను, ఆ కూలి లేకుంటే పొయ్యి వెలగని ఇళ్లు నాకు తెలుసు. చేట పట్టుకుని వాకిట్లో కూర్చోండి, బిడ్డ పడుకునే గదిలో తంబాకు ఉంచొద్దు. ఇంట్లో బీడీ తాగడం మాత్రం ఎవరైనా మానాల్సిందే, అందులో బేరం లేదు.

ఆడపిల్లల గురించి వేరుగా చెప్పాలి. పెద్దమనిషి అయిన తరువాత పరుగు మానిపించే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. ఆరోగ్యవంతురాలికే అది నష్టం, ఈ జబ్బున్న అమ్మాయికి రెండింతలు. పదకొండేళ్లకు తీసిన లెక్క, పద్నాలుగేళ్లకు తీసిన లెక్క పక్కపక్కన పెడితే పడిపోయిన దూరం కనిపిస్తుంది. ఆ కాగితం నాయనమ్మకు చూపించండి. డాక్టరు ఉపన్యాసం కంటే ఆ రెండు అంకెలు బాగా పనిచేస్తాయి. కోకో ఆడనివ్వండి, సైకిలు తొక్కనివ్వండి, బతుకమ్మ చుట్టూ తిరగడం కూడా వ్యాయామమే.

బడుల్లో పీఈటీ సార్లకు ఒక మాట. ఖేలో ఇండియా పరీక్షల్లో మీరు పిల్లలచేత 600 మీటర్లు పరుగెత్తిస్తారు, సమయం రాస్తారు. ఈ బిడ్డకు ఆ సమయంతో మార్కులు వెయ్యకండి, మినహాయింపు ఇచ్చి పక్కన కూడా కూర్చోబెట్టకండి. డాక్టరు ఇచ్చిన కాగితంలో ఎంత నాడిదాకా ఆడొచ్చో ఉంటుంది, అంతదాకా ఆడించండి. దగ్గితే తరిమెయ్యొద్దు, పరుగు తరువాత దగ్గడం వాడికి మంచిదే, తెమడ కదులుతుంది.

మందుల విషయం దాచను. జన్యులోపం మీదే పనిచేసే మూడు మందుల మాత్రకు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. అక్కడ దాని ధర ఏడాదికి 3 లక్షల డాలర్ల పైనే. అందరి లోపానికీ అది పనిచెయ్యదు కూడా, యూరప్‌వాళ్లలో ఎక్కువగా ఉండే లోపం మనవాళ్లలో అంత ఎక్కువగా ఉండదు. మన దేశం 2021లో అరుదైన వ్యాధుల జాతీయ విధానం తెచ్చింది, సిస్టిక్ ఫైబ్రోసిస్ పేరు అందులో ఉంది. ఆ విధానం కింద హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి విశిష్ట కేంద్రంగా పనిచేస్తాయి. జన్యు పరీక్షకూ సలహాకూ మనకు దగ్గర దారి అదే. పెద్ద సైకిలు పరీక్షకు కూడా హైదరాబాద్ పోవాల్సిందే.

నడక పరీక్షకు మాత్రం జగిత్యాల నుంచి 190 కిలోమీటర్లు పోనక్కర్లేదు. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. అక్కడ చదువుతున్న కుర్ర డాక్టర్లకూ, ఫిజియోథెరపిస్టులకూ, కోరుట్ల దవాఖానలో పనిచేసేవాళ్లకూ నా విన్నపం ఒక్కటే. మీ వరండాలో 30 మీటర్లు కొలిచి రెండు చివర్లా రంగుతో గీతలు గీయించండి. ఊపిరితిత్తుల జబ్బుతో వచ్చిన ప్రతి బిడ్డనూ ఆరు నెలలకోసారి ఆ గీతల మధ్య నడిపించి, దూరం, నాడి, ఆక్సిజన్, పదిహేను లెక్క చీటీ మీద రాసివ్వండి. తల్లులు ఆ చీటీలు జాగ్రత్తగా దాచుకుని ప్రతిసారీ తీసుకురండి. "ఆడుకోనియ్యొచ్చా?" అని అడిగినప్పుడు "కొంచెం" అని చెప్పి పంపిస్తే ఒప్పుకోకండి. ఎంత అని అడగండి, కొలిచి చెప్పమనండి.